మాట అందితేనే మిన్ను అందుతుంది

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపాన తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు నేలకూలినవి. అటువంటి తుఫాను సముద్రంలో ఉండగానే దాని జాడ తెలిపేవి ఉపగ్రహాలు. కనుక జలంత్రకోట మొదలు టెక్కలి వరకు గల బడిపిల్లలకు ‘ఉపగ్రహం’ పరీక్ష కోసం వల్లించవలసిన మాట కాదు. ఇంటి క్షేమానికి సంబంధించిన మాట. కాని గ్రహమంటే పీడ అని వింటూ పెరిగిన పిల్లవానికి, గ్రహాన్ని చుట్టి తిరిగేదే ఉపగ్రహమని ఎవరు విప్పి చెప్పవలె? ఉపాధ్యాయుడే.

శాస్త్రపదాలు ఆకాశం నుంచి ఊడిపడినవి కావు. 1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ పంపిన తొలి కృత్రిమ ఉపగ్రహం పేరు స్పుత్నిక్. అనగా తోటి బాటసారి. రాకెట్ అనే మాటకు మూలమైన ఇటాలియన్ పదానికి నూలు చుట్టే చిన్న కండె అని అర్థం. మన ‘విమానం’ పురాణాలలో దేవతల వాహనమై, ఆలయంలో గర్భగుడిపై కట్టడమై, నేడు ఎగిరే యంత్రమైనది. దీపావళి తారాజువ్వ నిప్పును వెనుకకు చిమ్మి పైకి లేవటమే రాకెట్ సూత్రమని చెప్పితే ఏ విద్యార్థికి బోధపడదు?

అయితే జాగ్రత్తా అవసరమే. ఉపగ్రహం తిరిగే దారి ‘కక్ష్య’. యవత్తు జారితే వాడుకలో అది పగ. అంతరిక్షం, వ్యోమం, గగనం, రోదసి అనే పర్యాయపదాలు కవికి సంపద, పాఠంలో చిక్కు. ‘రోదసి’ సంస్కృతంలో భూమ్యాకాశాలు రెండింటినీ చెప్పే మాట. ఒక వస్తువుకు పాఠమంతటా ఒకే పేరు వాడటం మేలు. జనం నోట స్థిరపడిన ‘రాకెట్’ను తరిమి కొత్త సమాసం కూర్చటం వృథా శ్రమ.

ఈ సీమలోనే 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి సవరల నోటి మాటలను సేకరించి నిఘంటువు కూర్చారు. పలికేవారి నోట బ్రతికేదే మాట అని ఆయన కృషి చాటుతున్నది. విజ్ఞానశాస్త్రానికీ అదే న్యాయం వర్తిస్తుంది.

2023లో చంద్రుని దక్షిణధ్రువ సమీపాన దిగిన చంద్రయాన్-3 తెలుగునేల మీది శ్రీహరికోట నుంచే బయలుదేరినది. నౌక మన గడ్డపై నుంచి ఎగిరినప్పుడు, దాని మాటలు మన పిల్లలకు పరాయివి కారాదు.