తెల్ల ప్లేటుకు తనిఖీ అక్కరలేదా?

ఒకే మోడల్, ఒకే ఏడాది తయారైన రెండు హైబ్రిడ్ కార్లు. ఒకటి పసుపు ప్లేటుతో ట్యాక్సీగా తిరుగుతుంది, రెండోది తెల్ల ప్లేటుతో సొంత వాడకంలో ఉంటుంది. మొదటిదానికి ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆపై ఏటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పనిసరి. రెండోదానికి రిజిస్ట్రేషన్ గడువు ముగిసే 15 ఏళ్ల దాకా ఆ పరీక్షే లేదు. తుప్పు ప్లేటు రంగు చూసి పడుతుందా?

సెకండ్‌హ్యాండ్ హైబ్రిడ్ అనగానే కొనేవాడి భయమంతా బ్యాటరీ మీదే. కానీ ఏటా తనిఖీ జరిగే దేశాల్లో పాత కార్లు తప్పేది ఎక్కువగా లైట్లు, టైర్లు, సస్పెన్షన్, బ్రేకుల దగ్గర. హైబ్రిడ్‌కూ మినహాయింపు లేదు. పైగా వేగం తగ్గించే పనిలో పెద్ద భాగాన్ని మోటారే చేస్తుంది గనుక బ్రేకు ప్యాడ్లకు పని తక్కువ. వాడని డిస్కు తుప్పు పడుతుంది, కాలిపర్ బిగుసుకుపోతుంది, కుడి ఎడమ చక్రాల బ్రేకు బలంలో తేడా వస్తుంది. బ్యాటరీని చల్లబరిచే గాలి మార్గం దుమ్ముతో మూసుకుపోతే హెచ్చరిక దీపం వెలుగుతుంది. కెటలిటిక్ కన్వర్టర్ దెబ్బతింటే పొగ పరీక్షలో కారు తప్పుతుంది. ఇవన్నీ ముందుగా చూస్తే బాగుచేసుకోగలిగినవే.

మన సొంత కారుకు ఏటా ఎదురయ్యేది కాలుష్య ధ్రువపత్రం ఒక్కటే. అది బ్రేకు చూడదు, టైరు చూడదు. కనీసం పొగనైనా సరిగా చూస్తుందా? చాలా స్ట్రాంగ్ హైబ్రిడ్లలో ఇంజిన్ వేడెక్కాక, బండి నిలిచి ఉన్నప్పుడు దానంతట అదే ఆగిపోతుంది. దాన్ని ప్రత్యేక మోడ్‌లో నడిపించి కొలవాలి. ఆ సంగతి తెలియని కేంద్రంలో యంత్రం కొలిచేది పొగను కాదు, గాలిని!

పరీక్షించే వ్యవస్థ కట్టని ప్రభుత్వాలకు వయసు చూపి శిక్షించడం సులువైంది. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్, 15 ఏళ్లు దాటిన పెట్రోల్ వాహనాలకు 2025 జులై 1 నుంచి ఇంధనం నిరాకరించారు. ప్రజాగ్రహం చూసి కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గారు. ఆగస్టులో సుప్రీంకోర్టు, వయసు ఒక్కటే కారణంగా యజమానులపై కఠిన చర్యలు వద్దంది. ఇంత జరిగినా, ఈ బండి ఇవాళ ఎలా ఉందన్న మూల ప్రశ్న అడిగినవారు తక్కువ.

రాయితీల విషయంలో మాత్రం ఉత్సాహానికి కొదవ లేదు. 2024 జులైలో ఉత్తరప్రదేశ్ స్ట్రాంగ్ హైబ్రిడ్లకు రిజిస్ట్రేషన్ పన్ను మాఫీ చేసింది. అదే ఏడాది డిసెంబరులో జీఎస్టీ మండలి, పాత కార్లపై డీలర్ల లాభానికి 18 శాతం పన్ను ఖరారు చేసింది. అమ్మినప్పుడు రాయితీ, మళ్లీ అమ్మినప్పుడు పన్ను. నడుమ పదేళ్లు ఆ కారు ఏ స్థితిలో రోడ్డెక్కుతోందో రాజ్యానికి పట్టదు.

ఏటా తనిఖీ అంటే మధ్యతరగతిపై భారమనీ, బ్రోకర్లకు మేత అనీ అభ్యంతరం రాకపోదు. రెండో మాటలో నిజముంది. అయితే దానికి విరుగుడు తనిఖీని మానేయడం కాదు, ఫలితాన్ని బహిరంగపరచడం. బ్రిటన్‌లో మూడేళ్లు దాటిన కారును ఏటా పరీక్షిస్తారు. అది ఎప్పుడు, ఏ లోపంతో తప్పిందో నంబరు కొట్టి ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ఇక్కడా ఆటోమేటెడ్ పరీక్షా కేంద్రాలకు 2021లోనే నిబంధనలు వచ్చాయి. పరీక్షించే సంస్థ మరమ్మతులు చేయరాదన్న మంచి షరతూ వాటిలో ఉంది. అమలు గడువే, అదీ వాణిజ్య వాహనాలకే, పలుమార్లు వాయిదా పడింది.

పాత హైబ్రిడ్ కొనే కుటుంబానికి నేడు దొరికేది డీలరు నోటిమాట, కొత్తగా వేసిన పాలిష్. పౌరుడి కారు వయసును లెక్కపెట్టే ప్రభుత్వం, దాని బ్రేకు పనిచేస్తుందో లేదో చెప్పలేకపోతే ముందుగా ఫిట్‌నెస్ పరీక్ష జరగాల్సింది ఎవరికి?