జాతర పొయ్యికి కట్టె ఎక్కడిది?

జనవరి 28 నుంచి 31 వరకు మేడారంలో సమ్మక్క సారలమ్మ జాతర. రెండేండ్లకోసారి వచ్చే ఈ జాతరకు మన వర్ధన్నపేట ఊళ్ల నుంచి ట్రాక్టర్లు, ఆటోలు, బస్సులు నిండుగా కదులుతాయి. గుడారాలు వేసుకుని రెండు మూడు రోజులు అక్కడే వండుకుని తింటాం. నిలువెత్తు బంగారం, కోళ్లు, మేకపోతు అన్నీ ముందే లెక్క వేసుకుంటాం. పొయ్యి కట్టె మాత్రం యాదికి రాదు. అడవి ఉంది కదా అనుకుంటాం.

ఒక కుటుంబం రెండు కొమ్మలు విరిస్తే అడవికి వచ్చే నష్టం పెద్దది కాదు. లక్షల కుటుంబాలు విరిస్తే మాత్రం ఆ చుట్టుపక్కల పచ్చని మొక్క మిగలదు. 2024 ఆగస్టు 31న వీచిన సుడిగాలికి తాడ్వాయి, మేడారం అడవిలో వేల చెట్లు నేలకూలాయి. అక్కడ మళ్లీ చెట్టు లేవాలంటే లేత మొక్కలను మనం ముట్టొద్దు.

అందుకే మా మాట ఇది. ట్రాక్టరు కట్టేటప్పుడే ఇంటి కట్టె వేసుకోవాలి. మన ఒడ్ల మీద సర్కారు తుమ్మ ఉంది, సుబాబుల్ ఉంది, కంది కట్టె ఉంది. పత్తి కట్టెతో మాత్రం జాగ్రత్త. విచ్చుకోని ఎండు కాయల్లో గులాబీ రంగు పురుగు దాగి ఉంటుంది. ఆ కాయలతో కట్టెను ఊళ్లు దాటిస్తే పురుగును మనమే మోసుకుపోయి మరో రైతు చేనులో దింపినట్టు. అమెరికాలో యాష్ చెట్లను తొలిచే పురుగు 2002లో బయటపడింది. వంటచెరుకుతోపాటు అది ఊరూరా పాకి కోట్ల చెట్లను చంపింది. కట్టెను కాల్చే చోటనే కొనండని అక్కడ విహారానికి వెళ్లేవారికి ఇప్పటికీ చెబుతారు.

ఇంటి కట్టె లేనివారు అక్కడి కోయ ఆదివాసుల దగ్గర ఎండు కట్టె కొనాలి. పుల్లలు, మోళ్లు వంటి చిన్న తరహా అటవీ ఉత్పత్తులను ఏరుకుని అమ్ముకునే హక్కును 2006 అటవీ హక్కుల చట్టం వారికి ఇచ్చింది. తేమ పేరు చెప్పి మన పత్తి ధర కోస్తే కడుపు ఎంత మండుతుందో మనకు తెలుసు. నెత్తి మీద మోపు మోసుకొచ్చిన ఆడబిడ్డ దగ్గర మనం పది రూపాయలకు బేరమాడటం న్యాయమా?

సర్కారును మేము అడిగేదీ ఉంది. జాతరకు ముందే గ్రామసభల చేతుల్లో ఎండు కట్టె డిపోలు పెట్టాలి. ధర బోర్డు మీద రాయాలి. మోపు మోసే ఆదివాసీని ఆపి అడిగే సిబ్బంది, పచ్చి కట్టెతో పోయే లారీని కూడా ఆపాలి.

సంఘం గ్రామ కమిటీలు ఈ వారమే కూర్చోవాలి. ఏ బండికి ఎవరి కట్టె, ఎంత అన్నది తేల్చాలి. తిరిగి వచ్చేటప్పుడు ప్రతి పొయ్యి మీద నీళ్లు చల్లి, నిప్పు ఆరిందని చూసుకునే బండి ఎక్కాలి. ఎండాకు రాలే కాలమిది. తల్లులు ఉన్నది ఆ అడవిలోనే.