ఓటు వ్యక్తిది, కుటుంబానిది కాదు

జాతి వివక్షకు ప్రతిగా 1907లో పుట్టిన కలకత్తా క్లబ్, మహిళలకు సభ్యత్వమివ్వడానికి వందేళ్లు తీసుకుంది. 2007లో గాని ఆ తలుపు తెరుచుకోలేదు. నేటికీ దేశంలోని పలు క్లబ్బులలో సభ్యుని భార్యకు ప్రవేశముంది గాని ఓటు లేదు. చందాల పెంపు, కార్యవర్గ ఎన్నిక, నిబంధనల సవరణ ఏదైనా ఇంటి తరఫున భర్త మాటే చెల్లుతుంది.

దంపతులకు రెండు ఓట్లిస్తే అవివాహితులకు అన్యాయమన్నది ఒక వాదన. ఓటును ఇంటి లెక్కన చూడడం వల్లనే ఈ చిక్కు. రాజ్యాంగంలోని 326వ అధికరణం ఓటు హక్కును వయోజనులకిచ్చింది, కుటుంబ పెద్దలకు కాదు. ప్రైవేటు క్లబ్బులకు ఆ అధికరణం వర్తించకపోవచ్చు. అందులోని న్యాయం మాత్రం వర్తిస్తుంది. దంపతులిద్దరి నుంచీ విడివిడిగా చందా స్వీకరించి, ఇద్దరికీ ఓటివ్వడమే ధర్మం. చందా చెల్లించే సభ్యురాలిని అతిథిగా పరిగణించడం ఏ సంస్థకూ గౌరవం కాదు.