రోడ్డుకీ నోరుంది

పిడుగురాళ్లలోనో, దాచేపల్లిలోనో పెద్దరోడ్డు పక్కనున్న బడిలో మీరు చదువుతున్నారా? అయితే ఇది మీకు తెలిసిందే. సున్నం బస్తాల లారీ వస్తుంది. మాస్టారు పాఠం ఆపుతారు. లారీ పోయాక మళ్లీ మొదలుపెడతారు, ఈలోగా బస్సు వస్తుంది.

ఆ మోతంతా ఇంజనుదే అనుకుంటాం. కారు గంటకు 40, 50 కిలోమీటర్ల వేగం దాటిందంటే ఇంజనుకన్నా టైరూ రోడ్డూ కలిసి చేసే మోతే ఎక్కువ. లారీకైతే ఇంకా వేగం కావాలి. అరచేతుల మధ్య గాలి చిక్కేలా చప్పట్లు కొట్టి చూడండి. టైరు గాడుల్లోని గాలి కూడా రోడ్డుకు ఆనినప్పుడల్లా అలాగే నలిగి బయటికి తన్నుకొస్తుంది. దీనికితోడు పొడుచుకొచ్చిన కంకర టైరును అదరగొడుతుంది.

నెదర్లాండ్స్‌లో పెద్ద రహదారులకు సందులున్న తారు పొర వేస్తారు. మామూలు పొరలో ఖాళీ నూటికి 4, 5 పాళ్లుంటే, అందులో 20 పాళ్లు. నలిగిన గాలి ఆ సందుల్లోకి దిగిపోయి మోత 3 నుంచి 5 డెసిబెల్‌లు తగ్గుతుంది. ఇంతేనా అనకండి! 3 డెసిబెల్‌లు తగ్గటమంటే రోడ్డుమీద వాహనాలు సగమైనట్లే.

మరి పల్నాడులోనూ అదే వేద్దామా? నేను వద్దంటాను. సున్నపు దుమ్మూ, ట్రాక్టరు చక్రాలు పొలాలనుంచి మోసుకొచ్చే నల్లరేగడి మట్టీ ఆ సందులను పూడ్చేస్తాయి. పైగా ఆ పొర మామూలుదానికన్నా త్వరగా రాలిపోతుంది. మనకు నప్పేది సన్నకంకరతో సమంగా వేసిన పలుచని పైపొర. మోత తగ్గేది కాస్త తక్కువే, కాని నిలుస్తుంది. కంకర మాత్రం గట్టి రాయిదే కావాలి. మన సున్నపురాయి చేరువలోనే దొరికినా, చక్రాల రాపిడికి నున్నబడి బండ్లు జారతాయి.

ఊరంతా వేయనక్కరలేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల కింద బడులు, ఆసుపత్రుల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. అక్కడ పగటి హద్దు 50 డెసిబెల్‌లు. అయితే బోర్డు పాతినంత మాత్రాన టైరు దాన్ని చదవదు కదా! రోడ్డును ఎలాగూ మళ్లీ వేసే ఏడు, ఆ కాస్త మేర కంకర మారిస్తే అయ్యే అదనపు ఖర్చు, బడికి అడ్డుగోడ కట్టే ఖర్చుతో పోలిస్తే చిన్నది. గోడ గాలినీ ఆపేస్తుంది, మండే ఎండల్లో అది ఎవరికి కావాలి?

ఊరి నడిబొడ్డున లారీలు నెమ్మదిగానే పోతాయి కనుక అక్కడ ఈ పొరవల్ల పెద్ద లాభం లేదు. ఖాళీ లారీ గుంటలో పడి ఇనుప తలుపులు దడదడమనటమే అక్కడి బాధ. ముందు గుంటలు పూడ్చాలి, అదే అన్నిటికన్నా చవక. హారను సంగతి అంటారా, దాన్ని ఏ రోడ్డూ మింగలేదు.

మీ బడిముందు రోడ్డు మళ్లీ వేసేటప్పుడు, అక్కడ నిలబడ్డ ఇంజనీరుగారిని అడగండి: “పైపొరకు ఏ సైజు కంకర వేస్తున్నారండీ?”