ఆమె ఎందుకు వెళ్ళింది?

2025 సెప్టెంబరులో మావోయిస్టు పార్టీ కేంద్ర కమిటీ సభ్యురాలు పోతుల పద్మావతి హైదరాబాదులో పోలీసులకు లొంగిపోయారు. నలభై ఏళ్ళకు పైగా అజ్ఞాతంలో గడిపిన మనిషి. అయినా చాలా వార్తల్లో ఆమె ముందుగా కిషన్‌జీ భార్య, ఆ తర్వాతే నాయకురాలు. ఆమె ఎందుకు వెళ్ళిందన్న ప్రశ్నకు అక్కడే సగం జవాబు రాసేశారన్నమాట: మొగుడి వెంట వెళ్ళి ఉంటుంది!

మగవాడు తుపాకీ పడితే భూమి గురించో, కులం గురించో, సిద్ధాంతం గురించో మాట్లాడతాం. ఆడది పడితే ఆమె వెనక మగవాడి కోసం వెతుకుతాం. పోలీసుల ప్రకటనలో ఆమె మాయమాటలకు మోసపోయిన అమాయకురాలు. పార్టీ సంస్మరణ సంచికలో మచ్చలేని వీరవనిత. రెండు చోట్లా ఆమె ఆలోచనకు తావు లేదు. ఆమె చేసిన పనికి ఆమెను బాధ్యురాలిని చేయాలన్నా, ఆమెకు జరిగిన అన్యాయాన్ని గుర్తించాలన్నా ముందు ఆమెను ఆలోచించే మనిషిగా ఒప్పుకోవాలి కదా.

మనకు ఇది కొత్త ప్రశ్న కాదు. 1946-51 తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల మాటలను స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చింది. ఆ గొంతులు విన్నవాళ్ళకు ఒక సంగతి అర్థమవుతుంది. ఆ స్త్రీలను కదిలించింది పేదరికం ఒక్కటే కాదు. దొర గడీలో ఆడబాపల బతుకు, వెట్టి, చదువుకోనివ్వని పరదా, ఇష్టంలేని పెళ్ళి ఇవన్నీ కలిశాయి. మల్లు స్వరాజ్యం పుట్టింది భూస్వాముల ఇంట్లోనే. పోరాటంలో వాళ్ళకు చదువు దొరికింది, సభలో మాట్లాడే ధైర్యం దొరికింది, రాత్రిపూట ఊరు దాటే స్వేచ్ఛ దొరికింది. 1951లో పోరాట విరమణ జరిగాక చాలామందికి దొరికిన సలహా మాత్రం ఇంటికి పొమ్మనే.

తర్వాతి తరాల్లోనూ ఈ కారణాలు పోలేదు. దండకారణ్యంలో బలవంతపు పెళ్ళిళ్ళకు, రెండో పెళ్ళిళ్ళకు ఎదురు నిలిచింది మావోయిస్టుల వెంట నడిచిన ఆదివాసీ మహిళా సంఘమే. దానికి రాజ్యహింస తోడైంది. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలై ఊళ్ళకు ఊళ్ళను తగలబెట్టింది. జుడుం పేరుతో సాగిన ఆ ఏర్పాటు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2011 వచ్చింది. మన విశాఖ మన్యంలోని వాకపల్లినే తీసుకోండి. 2007 ఆగస్టులో పదకొండు మంది కోందు స్త్రీలు గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని ఫిర్యాదు చేశారు. 2023లో కోర్టు దర్యాప్తు లోపాలను ఎత్తిచూపి ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వమంది, నిందితులను మాత్రం నిర్దోషులుగా వదిలేసింది. అయినా ఆ స్త్రీలు తుపాకీ పట్టలేదు, పదహారేళ్ళు కోర్టునే నమ్ముకున్నారు. చట్టం తలుపు ఇలా మూసుకుపోతుంటే చూసిన ఆడపిల్లకు మరో తలుపు వైపు చూపు పోవడంలో వింతేముంది?

అయితే ఆ తలుపు లోపల ఏముందో కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. కారణాన్ని అర్థం చేసుకోవడం హింసను సమర్థించడం కాదు. ఇన్‌ఫార్మరనే ముద్రతో చంపేసిన మనిషికీ భార్య ఉంటుంది, తల్లి ఉంటుంది. ఆ తల్లి కూడా మన మనిషే. దళంలో పెళ్ళికి పార్టీ అనుమతి కావాలి, పిల్లలు వద్దు. శ్రీలంక టైగర్లు మహిళా దళాలను విముక్తికి చిహ్నాలుగా చూపించారు. 1991లో శ్రీపెరుంబుదూరులో ఒక యువతి దేహాన్నే బాంబుగా మార్చారు. చివరి ఏళ్ళలో ఇంటికొకరిని బలవంతంగా పట్టుకుపోయారు. స్త్రీకి తుపాకీ ఇచ్చినంత మాత్రాన నిర్ణయం ఆమె చేతికి వచ్చినట్టు కాదు. పితృస్వామ్యం ఇల్లు వదిలి అడవిలో దళం నడుపుతుంది, అంతే.

ఇక మన సంగతి. పరిశోధన కోసం ఉత్తర తెలంగాణలో ఊళ్ళు తిరుగుతున్న రోజుల్లో ఒక సమావేశం అయ్యాక ఒకమ్మాయి నా దగ్గరికి వచ్చింది. మేనమామతో పెళ్ళి ఖాయం చేశారట. ఆ రాత్రికి తనను ఎక్కడైనా ఉంచగలరా అని అడిగింది. నా సంచిలో బాల్యవివాహాల చట్టం మీద కరపత్రాలున్నాయి, ఆమె పడుకోవడానికి చోటు మాత్రం లేదు. పొద్దున మాట్లాడదామన్నాను. పొద్దునకి ఆమె ఊళ్ళో లేదు. అన్నలలో కలిసిందని ఊళ్ళో అనుకున్నారు. ఆమె సిద్ధాంతం చదివి వెళ్ళిందా, మోసపోయి వెళ్ళిందా అని తర్వాత ఎందరో నాతో వాదించారు. ఆ రాత్రి ఆమె అడిగింది మాత్రం చోటు. ఇవ్వలేనిదాన్ని నేను.

ఇప్పుడు చాలామంది తిరిగి వస్తున్నారు. వాళ్ళకు ఏం దొరుకుతోంది? విలేకరుల సమావేశం, తల మీది రివార్డు చెక్కు, ఫొటో. 2019లో దంతెవాడలో ఏర్పరచిన 'దంతేశ్వరి' మహిళా దళంలో లొంగిపోయిన స్త్రీలను కూడా చేర్చుకున్నారు. అంటే నిన్నటి తుపాకీ తీసుకుని ఇంకో తుపాకీ ఇవ్వడమన్నమాట. ఆమె నుంచి యుద్ధం తప్ప మరేమీ ఎవరికీ అక్కర్లేదు కాబోలు.

మనం కొన్ని డిమాండ్లు చేయాలి. తిరిగి వచ్చిన స్త్రీని భద్రతా దళాల్లో వాడుకోకూడదు. పోలీసుల అదుపులో ఉన్నప్పుడు మహిళా న్యాయవాది, వైద్యం అందాలి. పునరావాస సాయం ఆమె పేరునే, ఆమె చేతికే రావాలి. అడవిలోనైనా ఠాణాలోనైనా ఆమెపై జరిగిన లైంగిక హింస గురించి మాట్లాడదలిస్తే వినడానికి పోలీసులు కాని మనుషులుండాలి. ఆమె వల్ల నష్టపోయిన కుటుంబాల గోడు వినే ఏర్పాటు కూడా అంతే అవసరం.

వీటన్నిటికంటే ముందు మన సంఘాలు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. మన మండలంలో ఈ రాత్రి ఒకమ్మాయి ఇల్లు వదిలి వస్తే తట్టడానికి తలుపు ఉందా? ఉంటే ఎక్కడుంది, ఎలా నడుస్తోంది? లేకపోతే ఎందుకు లేదు? మీ అనుభవాలు రాయండి. వచ్చే సంచికలో ఆ చర్చ కొనసాగిద్దాం.