ఫ్రీ అంటే అడిగేవాడు లేడని కాదు

మన సంఘం పిల్లలు కొందరు హోసూరు, కోయంబత్తూరు కొట్లకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసి అమ్ముతున్నారు. సంతోషం. కానీ లోపల పెట్టే డేటాబేస్‌కు లైసెన్సు ఏమిటయ్యా అంటే, "అది ఫ్రీ అంకుల్, ఎవరు అడుగుతారు?" అంటారు. ఈ మాట నేను ఒప్పుకోను.

రైల్వే పాసు కూడా ఫ్రీయే. నా పాసు మీద పక్కింటాయన ప్రయాణం చేయొచ్చా? ఫ్రీకీ షరతులుంటాయి.

మన ఆఫీసులో వాడుకోవడం వేరు, కస్టమర్ చేతికి ఇవ్వడం వేరు. మైఎస్‌క్యూఎల్ ఫ్రీ ఎడిషన్ జీపీఎల్ వెర్షన్ 2 కింద వస్తుంది. దాని క్లయింట్ లైబ్రరీని మీ ప్రోగ్రాములో కలిపి అమ్మితే, మీ సోర్స్ కోడ్ కూడా అదే లైసెన్సు కింద కస్టమర్‌కు ఇవ్వాలి. ఇష్టం లేదా, ఒరాకిల్‌కు డబ్బు కట్టి కమర్షియల్ లైసెన్సు తీసుకోండి. కోడూ ఇవ్వను, డబ్బూ కట్టను అంటే ఏం న్యాయం?

వేరే దారి లేదా అంటే, ఉంది. పోస్ట్‌గ్రెస్‌కు కాపీరైట్ నోటీసు, లైసెన్సు కాగితం జతచేస్తే చాలు. ఎస్‌క్యూలైట్ అయితే పబ్లిక్ డొమైన్, ఏ షరతూ లేదు. ఒక్క కంప్యూటర్ ఉన్న చిన్న కొట్టుకు అది ధారాళంగా సరిపోతుంది.

రేపు మీ ప్రోగ్రామునే ఇంకొకడు కాపీ చేసి అమ్మితే ఊరుకుంటారా? ఎదుటివాడి కష్టానికీ అదే లెక్క. తమిళ మీడియంలో చదివిన నేనే డిక్షనరీ పక్కన పెట్టుకుని ఆ ఇంగ్లీషు కాగితాలు చదివాను. ఇంజనీరింగ్ చదివిన మీకేం అడ్డు తమ్ముళ్ళూ?

అమ్మే ముందు చదవండి. లోపల ఏ డేటాబేస్ ఉంది, దానికి ఏ లైసెన్సు అని రాసి బిల్లుతో పాటు ఇవ్వండి.