తప్పు మొదట్లో ఉంటే దిద్దుబాటు చివరా?

ఇంగ్లీషు వాక్యాలు నాలుగు రకాలు. ఏదైనా చెబితే ఫుల్‌స్టాప్, అడిగితే క్వశ్చన్ మార్క్, ఆశ్చర్యపోతే ఎక్స్‌క్లమేషన్ మార్క్, ఆజ్ఞాపిస్తే మళ్లీ ఫుల్‌స్టాప్. తమిళనాడు సరిహద్దు దగ్గరి మన సూళ్లూరుపేటలోనైనా మరో ఊళ్లోనైనా మన పిల్లలు ఈ పాఠాన్ని గడగడా అప్పజెబుతారు. నిర్వచనాలు కంఠతా వచ్చి, ఖాళీల్లో గుర్తులు పెట్టగలిగితే వాక్యం వచ్చేసినట్టేనని పెద్దల నమ్మకం. ఆ పాఠంలో తెలుగు మాట దొర్లకూడదన్నది మరో నమ్మకం. రెండూ తప్పే.

‘ఎందుకు ఆలస్యమైంది’ అని ఇంగ్లీషులో అడగమనండి. ‘వై యు ఆర్ లేట్’ అని రాసి, చివర క్వశ్చన్ మార్క్ పొందికగా పెట్టే పిల్లలు ప్రతి తరగతిలోనూ కనిపిస్తారు. గుర్తు సరిగ్గానే ఉంది, వాక్యమే తప్పు. ‘వై ఆర్ యు లేట్’ అనాలి. తెలుగులో ప్రశ్న క్రియ చివర పుడుతుంది: ‘వచ్చాడు’ దీర్ఘం తీస్తే ‘వచ్చాడా’. తడ దాటి తమిళనాడులో అడుగుపెట్టినా అంతే: ‘వందాన్’, ‘వందానా’. ‘ఎందుకు’, ‘ఎప్పుడు’ చేర్చినా మిగతా మాటల వరస కదలదు. ఇంగ్లీషు ప్రశ్న వాక్యం మొదట్లో పుడుతుంది. ‘హి ఈజ్ హియర్’లో ‘ఈజ్’ ముందుకు జరగాలి. ‘హి కేమ్’ ముందు ‘డిడ్’ చేరాలి, ‘కేమ్’ కాస్తా ‘కమ్’ కావాలి. ఇంట్లో తెలుగు మాట్లాడినా తమిళం మాట్లాడినా ఈ సరిహద్దు పిల్లలకు అదే కొత్త. ఆ కొత్తదాన్ని వదిలేసి, చివరి గుర్తు మీద పీరియడ్లు ఖర్చుచేస్తున్నాం.

పైగా రకానికొక గుర్తన్న సూత్రమే నిలబడదు. ‘కెన్ యు ఓపెన్ ది డోర్’ రూపంలో ప్రశ్న, పనిలో అభ్యర్థన. ‘హి ఆస్క్‌డ్ వేర్ ది బస్ వాజ్’లో అడగడం ఉన్నా చివర ఫుల్‌స్టాపే. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3 ఎగిరింది. ఆ వార్త రాస్తూ ‘ది రాకెట్ హ్యాజ్ గాన్ అప్’ అన్న వాక్యానికి పత్రిక ఫుల్‌స్టాప్ పెడుతుంది. సూళ్లూరుపేటలో మేడ మీద నుంచి దాన్ని చూసిన పిల్ల అదే వాక్యం రాసి ఎక్స్‌క్లమేషన్ మార్క్ పెడితే తప్పెలా అవుతుంది? గుర్తును నిర్ణయించేది వాక్య రూపం ఒక్కటే కాదు, చెప్పేవారి ఉద్దేశం కూడా. గుర్తులు లేని తాళపత్రాల్లోనూ మన పూర్వులు ప్రశ్నను ప్రశ్నగానే చదువుకున్నారు.

ఇక తెలుగు మీద నిషేధం. ప్రశ్నార్థకం, సందేహార్థకం, ప్రార్థనార్థకం, అనుమత్యర్థకం, నిషేధార్థకం అంటూ తెలుగు వాచకం ఇంగ్లీషు లెక్క కన్నా ఎక్కువ రకాలు చెబుతుంది. బడికి రాకముందే పిల్లలు వాటన్నిటినీ వాడుతుంటారు. ఆ జ్ఞానాన్ని గుమ్మం బయట వదిలి రమ్మనడం అన్యాయం. ప్రభుత్వ బడుల సైన్సు పుస్తకాల్లో ఇంగ్లీషు పేజీకి ఎదురుగా తెలుగు పేజీ అచ్చవుతోంది. సైన్సుకు పనికొచ్చిన తెలుగు వ్యాకరణానికి పనికిరాదా?

తెలుగు తెస్తే ఇంగ్లీషు చెడుతుందంటారు. ‘వై యు ఆర్ లేట్’ చూడండి. తెలుగులో ప్రశ్నకు వరస మారదన్న అలవాటు ఎవరూ పిలవకుండానే అందులోకి వచ్చి కూర్చుంది. నోటితో నిషేధించినంత మాత్రాన అది మనసులోంచి పోదు. రెండు వాక్యాలనూ బల్ల మీద పక్కపక్కన రాసి, ఏ మాట ఎక్కడికి జరిగిందో చూపిస్తేనే పిల్లలు తేడా పట్టుకుంటారు.

పరీక్షలో నిర్వచనాలు అడుగుతారు కదా అన్నది మిగిలిన అభ్యంతరం. వాక్యం కట్టడం వచ్చిన పిల్లలకు నిర్వచనం ఒక్క పూట పని. నిర్వచనం మాత్రమే వచ్చినవారికి పదో తరగతి దాటినా వాక్యం రాదు.

అయ్యవార్లకు నా విన్నపం ఇదే. ముందు తెలుగులో అడగనివ్వండి. ఆ ప్రశ్నను ఇంగ్లీషులో కట్టించండి, పైకి చదివించండి, గుర్తు ఆఖర్న పెట్టించండి. మార్కులు గుర్తుకు కాదు, వాక్యానికి వేయండి.